తీరికలో దాగిన నిలువ

స్కాట్లండు తూర్పు తీరమున, ఫోర్త్ నది కడలిని కలియు విశాలమైన ముఖద్వారమున, మే దీవి యను చిన్న ద్వీపము కలదు. ఏటేట వసంతమున దాని కొండచరియలపై వేలకొలది గిల్లిమాట్ పక్షులు చేరి సంతానమును పెంచును. ముదురు వన్నె వీపు, తెల్లని రొమ్ము గల ఈ పక్షి గూడు కట్టదు. వట్టి రాతిపైననే ఒక్క గ్రుడ్డు పెట్టును. ఆడుపక్షియు మగపక్షియు వంతులవారీగా నెలకు పైగా దానిని పొదుగును.

పిల్ల వెలువడిన పిమ్మట వాటి దినమంతయు రెండు పనుల నడుమ పంచబడును. ఒకటి చేపలు తెచ్చుట. రెండవది పిల్లకు కావలి యుండుట. ఒకటి వేటకు పోయినచో మరియొకటి చరియపై నిలువవలెను. పోయిన పక్షి నీటిలో లోతునకు మునిగి వేటాడి, పిల్ల కొరకు ముక్కున ఒక్క చేపను మాత్రమే కరచుకొని వచ్చును. ఇంకొక చేప కావలెనన్న ఇంకొక ప్రయాణమే. ఈ వంతుల కాపురము సుమారు మూడు వారములు సాగును. పిదప, ఇంకను సరిగా ఎగురలేని పిల్ల చరియపైనుండి కడలిలోనికి దుముకును. నాటినుండి తండ్రియే దాని ప్రక్కన ఈదుచు వారముల తరబడి మేపును.

ఇంతటి శ్రమ నడుమను, చేపలు సమృద్ధిగా నున్న యేట తల్లియు తండ్రియు కలసి పిల్ల చెంత ఊరక నిలిచి యుండుట తరచు కానవచ్చును. చూచువారికిది సోమరితనముగా తోచును. దీని మర్మము చేపలు తగ్గిన యేట గాని బయటపడదు. అప్పుడు పక్షులు మొదట కోసివేయునది పిల్ల మేతను కాదు, ఈ తీరికనే. జంటగా గడపు గడియలు వేటకు వినియోగపడును. పిల్లకందు మేత చాలవరకు తగ్గదు. రైతు గాదెలో మిగుల్చుకొన్న గింజల వంటిదీ తీరిక.

గాదె వట్టిపోయిన నేమగును? 2007వ సంవత్సరమున మే దీవిలో అదియే జరిగెను. ఆహారము మిక్కిలి కొరవడుటచే అనేక జంటలు పిల్లను ఒంటరిగా విడిచి రెండును వేటకు పోవలసి వచ్చెను. కావలి లేని పిల్లలను పొరుగు గిల్లిమాట్లే పొడిచినవి. కొన్నింటిని చరియపైనుండి క్రిందికి పడద్రోసినవి. పెక్కు పిల్లలు మరణించినవి. రెక్కకు రెక్క తగులునట్లు కిక్కిరిసి యుండుట మంచి దినములలో శత్రుపక్షులనుండి రక్షణ; కరవున అదియే మృత్యుహేతువయ్యెను.

కావున ఈ పక్షులెన్ని యున్నవో లెక్కించుటతో సరిపోదు. అవి చరియపై జంటగా ఎంతసేపు నిలుచుచున్నవో గమనించువారు, పిల్లలు ఆకలితో చిక్కిపోకముందే కడలిలోని కొరతను గుర్తింపగలరు.