పాత కారులో ఇంధన గొట్టాలు ఎందుకు మార్చాలి? ఎలా మార్చాలి?

భిలాయ్ (ఛత్తీస్‌గఢ్): 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను వెలిగించిన ఉక్కు నగరం భిలాయ్‌కు, అంబాసిడర్ కారుకు దాదాపు ఒకే వయసు. 2014లో ఆ కారు ఉత్పత్తి నిలిచిపోయినా, దానిని పదిలంగా కాపాడుకుంటున్నవారు దేశమంతటా ఉన్నారు. వారు ముందుగా పరిశీలించవలసిన భాగం ఇంధన గొట్టాలు.

పెట్రోలు ట్యాంకు కారు వెనుక, ఇంజిన్ ముందు ఉంటాయి. రెండింటి మధ్య సన్నని లోహపు పైపు, దాని కొసల్లో పొట్టి రబ్బరు గొట్టాలు ఉంటాయి. పైపు దశాబ్దాలు నిలుస్తుంది, రబ్బరు నిలవదు. 40 డిగ్రీలు దాటే వేసవి ఎండకు, ఇంజిన్ వేడికి అది గట్టిపడి పగుళ్లు తీస్తుంది. పంపునకు ముందున్న గొట్టం పగిలితే లోపలికి గాలి చొరబడి ఇంజిన్ ఆగిపోతుంది. పంపునకు, కార్బురేటర్‌కు మధ్యనున్నది పగిలితే వేడి ఇంజిన్‌పై పెట్రోలు చిమ్మి మంటలు రేగవచ్చు.

ఇథనాల్ ప్రభావం

20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు విక్రయం 2023 ఫిబ్రవరిలో మొదలైంది. ఇథనాల్‌కు పాతకాలపు రబ్బరు ఉబ్బి, మెత్తబడి, చివరకు చీలుతుంది. తేమను పీల్చుకునే గుణం వల్ల, ఎక్కువ కాలం కదలకుండా ఉన్న కారులో ట్యాంకు తుప్పు పట్టే ప్రమాదమూ ఉంది.

మార్చే విధానం

* ఇంజిన్ చల్లారాక, గాలి ఆడే చోట పని మొదలుపెట్టాలి. బ్యాటరీ నెగటివ్ తీగ తొలగించి, మంటలార్పే పరికరం దగ్గర ఉంచుకోవాలి.
* పాత గొట్టాన్ని బలంగా లాగితే లోహపు కొస వంగుతుంది. పొడవునా జాగ్రత్తగా కోసి తీయాలి.
* ఇథనాల్‌ను తట్టుకునే ఫ్లోరోఎలాస్టోమర్ లోపొర ఉన్న గొట్టాన్ని, పాతదాని లోపలి వ్యాసంతోనే ఎంచుకోవాలి. ఎస్‌ఏఈ జె30 ఆర్9 ముద్ర ఇందుకు గుర్తు.
* క్లిప్పులు, ఫిల్టరు కూడా కొత్తవే వేయాలి. క్లిప్పును అతిగా బిగిస్తే రబ్బరు తెగుతుంది.
* ఇంజిన్ నడిపి ప్రతి అతుకునూ పొడి గుడ్డతో తుడిచి చూడాలి. వారం తర్వాత మళ్లీ పరిశీలించాలి.

పగిలిన ఒక్క ముక్కనే మార్చి ఊరుకోవడం పొరపాటు. మిగిలినవీ అదే వయసువి కాబట్టి అన్నింటినీ ఒకేసారి మార్చడమే క్షేమం. పెట్రోలు వాసన వస్తే మాత్రం ఆ కారును నడపకూడదు.