రేసు గుర్రంలో పదో వంతు వాటా: జేబులోంచి ఎంత పోతుంది?

అమీర్‌పేటలో మెట్రో రెడ్ లైన్ ఎక్కితే పంజాగుట్ట మీదుగా నేరుగా మలక్‌పేటలో దిగొచ్చు. హైదరాబాద్ రేస్ క్లబ్ అక్కడే. మలక్‌పేటలో గుర్రప్పందాలు జరుగుతాయి. ప్రతి గుర్రానికీ ఓనర్ ఒక్కడే ఉండాలని లేదు, కొంతమంది కలిసి కూడా కొంటారు.

ఎలా అంటే, ఎవరి వాటా ఎంతో ముందే రాసుకుని, క్లబ్‌లో ఓనర్లుగా రిజిస్టర్ అవ్వాలి. ఖర్చైనా, ప్రైజ్ మనీ అయినా వాటా ప్రకారమే.

గుర్రం ధర ఒక్కసారే కడతాం. కానీ మేత, ట్రైనర్ ఫీజు, గుర్రాన్ని చూసుకునే సైస్ జీతం, నాడాలు, డాక్టర్ బిల్లు... ఇవి ఆగవు. కాలు బెణికి 6 నెలలు పరిగెత్తకపోయినా మీటర్ తిరుగుతూనే ఉంటుంది. లెక్క కోసం నెలకి 50,000 అనుకోండి. పదో వంతుకి నెలకి 5,000, ఏడాదికి 60,000. గెలిచినా ట్రైనర్‌కి, జాకీకి వాళ్ల శాతం ఇచ్చాకే మిగిలింది పంచుకోవాలి.

ఇంకోటి, నష్టం చూపించి జీతం మీద ట్యాక్స్ తగ్గించుకోలేరు. 1961 ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం సెక్షన్ 74ఎ చెప్పింది ఇదే: రేసు గుర్రాల నష్టాన్ని రేసు గుర్రాల ఆదాయంలోనే సర్దుకోవాలి, అదీ 4 ఏళ్ల లోపు.

అందుకే ఎవరైనా వాట్సాప్‌లో "10 వేలు పెట్టు బ్రో, గుర్రం మనదే" అంటే ముందు ఒకటి అడగండి: క్లబ్ రికార్డులో నా పేరు ఉంటుందా? ఉండదంటే మీరిచ్చింది చందా కిందే లెక్క. ఉంటుందంటే, పోయినా పర్లేదనుకున్న డబ్బే పెట్టండి. ఈఎంఐ డబ్బులు మాత్రం ముట్టుకోకండి.