బొచ్చు కుక్కపిల్లకు చోటు నేర్పుదాం

సుమతీ శతకంలో కుక్కను బంగారు సింహాసనం మీద కూర్చోబెట్టే పద్యాన్ని మనమందరం చిన్న తరగతుల్లో అప్పజెప్పినవాళ్లమే. పట్టం కట్టినా దాని పాత గుణం పోదన్నది ఆ పద్యం సారం. ‘కుక్క తోక వంకర’ అనే సామెతా అదే మాట చెబుతుంది. ఇంటికి తెచ్చుకున్న కుక్కపిల్ల గచ్చు మీదా, చాప మీదా, దుప్పటి మీదా పాడు చేస్తుంటే చాలామంది ఈ సామెతనే తలచుకుని కర్ర అందుకుంటారు. నాలుగు రోజులు చూసి ఏ మామిడి తోటలోనో వదిలేసి వచ్చేవాళ్లూ ఉన్నారు. కానీ జంతుశాస్త్రం చెప్పేది వేరు. పడుకునే చోటును శుభ్రంగా ఉంచుకోవడమే కుక్కకు పుట్టుకతో వచ్చిన గుణం. మనం నేర్పవలసింది ఒక్కటే: ఇల్లంతా పడకే, బయట ఫలానా మూల మాత్రమే దొడ్డి అని.

చిన్న జాతితో చిక్కు ఏమిటి?

మన నూజివీడు ప్రాంతంలో తోట కాపలాకు పెంచేవి నాటు కుక్కలు. ఆరుబయటే పుట్టి పెరుగుతాయి కనుక వాటితో ఈ బాధ లేదు. ఇంట్లో పెంచుకోవడానికి జనం తెచ్చుకునేది ఎక్కువగా ‘పమేరియన్’ అని పిలిచే బొచ్చుకుక్కను. నిజానికి మన దగ్గర ఆ పేరుతో అమ్మేవాటిలో చాలా భాగం ఇండియన్ స్పిట్జ్ జాతివి. 1994లో వచ్చిన ‘హమ్ ఆప్‌కే హై కౌన్’ హిందీ సినిమాలోని టఫీ ఈ జాతిదే.

చిన్న ఒంట్లో మూత్రాశయమూ చిన్నదే. పైగా చిన్న జాతి పిల్లలు కొద్దికొద్దిగా రోజుకు మూడు నాలుగుసార్లు తినాలి. ఎన్నిసార్లు తింటే అన్నిసార్లు బయటికి వెళ్లాలి. మరో కారణం మనలోనే ఉంది. పెద్ద కుక్క పాడు చేస్తే వెంటనే పట్టించుకుంటాం. ఇది పోసేది చెంచాడే కదా అని వదిలేస్తాం. అలా వదిలేసిన ప్రతిసారీ ‘ఇక్కడ పోయవచ్చు’ అని దానికి మనమే నేర్పినట్టు.

తల్లి దగ్గర మొదటి పాఠం

పుట్టిన మొదటి రెండు మూడు వారాలు కుక్కపిల్ల తనంతట తాను మూత్రం పోయలేదు. తల్లి నాకితేనే పోస్తుంది. దాన్ని తల్లే శుభ్రం చేస్తుంది. కళ్లు తెరిచి నడక వచ్చాక పిల్లలే పడక దాటి కాస్త దూరం పోయి కూర్చుంటాయి. సుమారు రెండు నెలల వయసుకు కాలికింద ఏది తగిలితే కూర్చోవాలో, మట్టో గడ్డో గోనెపట్టో, అలవాటు పడుతుంది. అందుకే రెండు నెలలు నిండకుండా పిల్లను తల్లి నుంచి వేరు చేయకూడదు. తెచ్చుకునే రోజు అది ఎక్కడ పెరిగిందో అడిగి తెలుసుకోవాలి. ఇసుకలో పెరిగిన పిల్లకు ఇసుకే చూపిస్తే పని సులువవుతుంది.

టైంటేబుల్

హాస్టల్లో మన రోజంతా గంటల మీద నడుస్తుంది. కుక్కపిల్లకూ అలాంటి గంటే కావాలి. దాన్ని తప్పకుండా బయటికి తీసుకెళ్లవలసిన వేళలు నాలుగు: నిద్ర లేవగానే, తిన్న కొద్ది నిమిషాలకు, ఆట ఆపగానే, రాత్రి పడుకోబోయే ముందు. ఇవి కాక మెలకువగా ఉన్నంతసేపూ రెండు నెలల పిల్లను గంటకోసారి తీసుకెళ్లడం మేలు. నెలల వయసుకు ఒకటి కలిపితే వచ్చినన్ని గంటలకు మించి పిల్ల ఆపుకోలేదని ఒక మోటు లెక్క. మూడు నెలల పిల్లకు నాలుగు గంటలన్నమాట. చిన్న జాతికి అంతకన్నా తక్కువే అనుకోవాలి.

ప్రతిసారీ ఒకే చోటికి, ఒకే దారిన తీసుకెళ్లాలి. ‘పోయ్’ అనో మరొకటో ఒకే మాట అనాలి. పని కాగానే, ఆ రెండు మూడు క్షణాల్లోనే, మెచ్చుకుని ఒక చిన్న తిండి ముక్క పెట్టాలి. ఇంట్లోకి వచ్చాక పెడితే ఇంట్లోకి వచ్చినందుకు పెట్టారనుకుంటుంది. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగినా, ఆట మధ్యలో ఉన్నట్టుండి మూలకు పోయినా అది అడుగుతోందని గుర్తు.

టీకాలు పూర్తికాని పిల్లను వీధి కుక్కలు తిరిగే చోటికి తీసుకెళ్లకూడదు. పార్వో వ్యాధి అక్కడే అంటుకుంటుంది. సొంత వాకిలో పెరడో మంచిది. అద్దె పోర్షన్లో పెరడు లేకపోతే వరండా చివర ఒక ట్రేలో ఇసుక పోసి పెట్టవచ్చు. ఎండాకాలంలో పాడు చేస్తుందని నీళ్లు మాన్పించడం మాత్రం ప్రమాదం.

తిట్టితే ఏమవుతుంది?

పిల్ల పాడు చేసిన చోట దాని ముక్కు రాయడం, కొట్టడం మన ఊళ్లలో మామూలే. పది నిమిషాల కిందటి పనికి ఇప్పుడు దెబ్బ పడితే ఆ రెంటికీ సంబంధం దానికి తెలియదు. మనిషి దగ్గరుంటే పోయకూడదని మాత్రం తెలుస్తుంది. ఇక మంచం కిందా బీరువా వెనకా పోస్తుంది. బయటికి తీసుకెళ్లినా మన ఎదుట పోయడానికి జంకుతుంది.

‘తప్పు చేశానని దానికి తెలుసు, మొహం చూడండి’ అంటారు కొందరు. అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే అమెరికా పరిశోధకురాలు 2009లో దీనిపై ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించారు. 14 కుక్కలను వాటి యజమానులతో కలిపి పరీక్షించారు. తినవద్దన్న తిండిని నిజంగా తిన్నాయా లేదా అన్నదానికీ, ఆ ‘తప్పు చేసిన మొహా’నికీ సంబంధం కనబడలేదు. యజమాని తిట్టినప్పుడు ఆ మొహం వచ్చింది. ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్న కుక్కల్లో మరింత స్పష్టంగా కనిపించింది. తల వంచుకున్న ప్రతివాడూ తప్పు చేసినవాడు కాదన్న సంగతి మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

పోస్తూ కంటపడితే చప్పట్లు కొట్టి ఆపి, ఎత్తుకుని బయటికి తీసుకెళ్లాలి. అంతే.

ఫినాయిల్ సంగతి

ఫినాయిల్ వాసన మన ముక్కును కప్పుతుంది గానీ కుక్క ముక్కును కాదు. పాత వాసన తగిలితే మళ్లీ అక్కడే పోస్తుంది. ముందు పాతగుడ్డతో పూర్తిగా అద్ది తీయాలి. తర్వాత సబ్బు నీళ్లతో కడిగి, ఒక వంతు వినిగర్‌కు రెండు వంతుల నీళ్లు కలిపి తుడవాలి. ఫినాయిల్ తడి మీద నడిచి పిల్ల కాళ్లు నాక్కుంటే విషమవుతుంది.

నేర్చుకున్న పిల్ల ఉన్నట్టుండి మళ్లీ పాడు చేస్తే, మాటిమాటికీ కొద్దికొద్దిగా పోస్తుంటే, రక్తం కనిపిస్తే అది మొండితనం కాదు, జబ్బు. పశువైద్యుడికి చూపించాలి. మన ప్రాంతానికి గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. మూడు నెలలకు రేబిస్ టీకా, ఆపై డాక్టరు చెప్పిన ప్రకారం బూస్టర్లు తప్పనిసరి. మామిడి కాలంలో మరో జాగ్రత్త: రసం పండు టెంక చిన్న కుక్క గొంతులోనో పేగులోనో అడ్డుపడుతుంది. తిన్న టెంకలను దానికి అందకుండా పారేయాలి.

తేబోయే ముందు

బొచ్చుకుక్కంటే దొరల ఇళ్ల సరదా అని మనవాళ్లలో ఒక అభిప్రాయం ఉంది. 1934 ఫిబ్రవరిలో బొంబాయి రాజగృహంలో అంబేద్కర్ గారు కుటుంబంతో దిగిన ఫోటోలో ఆయనకు ఇష్టమైన కుక్క టాబీ కూడా ఉంది. ప్రేమ ఎవరి సొత్తూ కాదు. అయితే ప్రేమకు గంటలు లెక్కపెట్టే మనిషి కావాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! వేసవి సెలవుల్లో ముచ్చటపడి పిల్లను తెచ్చి, జూన్‌లో పెట్టె సర్దుకుని హాస్టల్‌కు వచ్చేస్తాం. తెచ్చింది మనం, గచ్చు కడిగేది అమ్మ. అమ్మ తెల్లారకముందే కూలికి పోతే ఆ పిల్లను గంటకోసారి బయటికి తీసుకెళ్లేదెవరు? చిన్న జాతి పిల్ల పూర్తిగా నేర్చుకోవడానికి ఆరు నెలల వయసు రావాలి, కొన్నిటికి ఏడాది కూడా పడుతుంది. అన్నాళ్లు ఇంట్లో ఉండే మనిషి లేకపోతే ఇప్పుడు తేవద్దు. ఉద్యోగం వచ్చి, ఇంట్లో ఇద్దరు ఉండి, వంతులు వేసుకోగలిగిన రోజున తెచ్చుకోండి. ఆ రోజు ఈ పేజీ తీసి టైంటేబుల్ గోడకు అంటించండి, కర్ర అవసరం రాదు.