వ్యాపార అంతరాయ బీమా – పరిణామ క్రమం: హైదరాబాద్ పాతబస్తీ విపణుల నేపథ్యంలో ఒక పరిశీలన

కీలక పదాలు: పర్యవసాన నష్టం, టర్నోవర్, స్థూల లాభం, పరిహార కాలం, లాడ్ బజార్.

ఉపోద్ఘాతం:
కాలిపోయిన సరుకు విలువను అగ్ని బీమా చెల్లిస్తుంది. దుకాణం తిరిగి తెరిచేదాకా కోల్పోయే లాభానికి, ఆగని అద్దెకు, జీతాలకు పరిహారమిచ్చేది వ్యాపార అంతరాయ బీమా.

పరిణామం:
19వ శతాబ్దపు తొలి రూపాలలో పరిహారం మూతపడిన దినానికింతని గానీ, ఆస్తి బీమా మొత్తంలో నిర్ణీత శాతంగా గానీ ఉండేది. వాస్తవ నష్టంతో దానికి పొంతన కుదరలేదు. 1899లో గ్లాస్గోకు చెందిన లుడోవిక్ మాన్ నష్టాన్ని టర్నోవర్ తగ్గుదలతో ముడిపెట్టాడు. తగ్గిన టర్నోవర్‌కు స్థూల లాభ శాతాన్ని వర్తింపజేసి, అదనపు వ్యయాన్ని కలిపి, మిగిలిపోయిన ఖర్చులను తీసివేయడమే నేటి పద్ధతి. భారతదేశంలో ఇది ‘పర్యవసాన నష్ట పాలసీ’గా వ్యాపించింది. 1973లో సాధారణ బీమా జాతీయమైంది. టారిఫ్ సలహా సంఘం నిర్ణయించిన ప్రీమియం రేట్ల విధానం 2007లో తొలగింది.

పాతబస్తీ అన్వయం:
ఈ పాలసీకి మూల షరతు ఆస్తికి భౌతిక నష్టం జరగడం. 2020 అక్టోబరు వరదలలో సరుకు తడిసిన దుకాణానికి, ఆస్తి పాలసీలో వరద రక్షణ ఉంటే, అంతరాయ పరిహారానికి ఆస్కారముంది. అదే ఏడాది లాక్‌డౌన్‌లో రంజాన్ మాసపు అమ్మకాలు కోల్పోయిన లాడ్ బజార్ గాజుల వ్యాపారికి సాధారణ పాలసీ కింద ఆ ఆస్కారం లేదు. అల్మారాలోని గాజు ఒక్కటీ పగలలేదు. 2021 జనవరిలో యునైటెడ్ కింగ్‌డమ్ సుప్రీంకోర్టు కొన్ని పాలసీలకు పరిహారం వర్తిస్తుందని తీర్పునిచ్చినా, అది వాటిలోని అంటువ్యాధి, ప్రవేశ నిరోధ నిబంధనల పదజాలంపై ఆధారపడినది.

రెండవ సమస్య లెక్కింపుది. నష్టాన్ని గత సంవత్సరపు అవే తేదీల టర్నోవర్‌తో పోలుస్తారు. రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2024 మార్చి 12న రంజాన్ మొదలైంది; 2023లో అది మార్చి 24న మొదలైంది. కనుక తొలి పన్నెండు రోజుల పండుగ గిరాకీని మామూలు దినాల అమ్మకాలతో తూచవలసి వస్తుంది. ప్రత్యేక పరిస్థితులను బట్టి లెక్కను సవరించే నిబంధన పాలసీలో ఉన్నా, దానికి ఆధారం వ్యాపారి ఖాతాలే.

ముగింపు:
1899 నాటి సూత్రం లెక్కల పుస్తకాలను ఆధారం చేసుకున్నది. నోటిమాటపైన, చిట్టీలపైన నడిచే చిన్న వర్తకం పాలసీ కొన్నప్పటికీ తన నష్టాన్ని నిరూపించలేదు. చాంద్రమాన పోలికను పాలసీలోనే స్పష్టపరచడం, రోజువారీ అమ్మకాలను నమోదు చేయడం ఈ విపణులకు ప్రీమియం తగ్గింపుకన్నా ముఖ్యమైన అవసరాలు.