ష్టయర్ పట్టణపు వేటతుపాకి

వస్తువులలో రెండు జాతులున్నవి. కొన్ని వాడుకలో ఉన్నంత కాలమే బ్రతుకుతాయి; వాడుక తప్పగానే అటకెక్కి, ఆపైన పాతయినుము కొట్టుకు చేరుతాయి. మరికొన్నింటికి వాడుక తప్పిన నాటినుంచే రెండవ జన్మ ప్రారంభమవుతుంది. వాటిని వెదకి తెచ్చి, దుమ్ము దులిపి, పుట్టుపూర్వోత్తరాలు విచారించి, భద్రపరచేవారు బయలుదేరుతారు. నాణేలు, తపాలాబిళ్ళలు, గ్రామఫోను రికార్డులు ఈ రెండవ జాతిలోనివని మన విద్యార్థులకు తెలుసు. అయితే వేటతుపాకి కూడ ఈ కోవలో చేరుతుందని చెబితే పలువురు ముఖం చిట్లించవచ్చును. ప్రాణం తీయడానికి పుట్టిన పనిముట్టును ప్రేమతో దాచుకోవడ మేమిటని అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి తొందరపడి సమాధానం చెప్పేకంటె, ఒక తుపాకి కథను మొదటినుంచి చెప్పుకోవడం మేలు.

ఆస్ట్రియా దేశంలో, ఎన్స్ నదిలో ష్టయర్ నది కలిసేచోట ష్టయర్ అనే పట్టణమున్నది. దానికి దక్షిణాన ఉన్న కొండలలో ఇనుపరాయి సమృద్ధిగా దొరుకుతుంది. ఆ కారణంచేత మధ్యయుగాలనుంచీ అది కమ్మరుల ఊరు. కత్తులకు, పనిముట్లకు పెట్టినది పేరు. 1864లో జోసెఫ్ వెర్న్‌డ్ల్ అనే ఆయన అక్కడ యంత్రాలతో తుపాకులు చేసే కర్మాగారాన్ని స్థాపించాడు. అనతికాలంలోనే అది యూరపులోని పెద్ద ఆయుధశాలలలో ఒకటి అయినది. ఆ కర్మాగారం చరిత్రలో రెండు పేర్లు జంటగా నిలిచినవి. ఒకరు ఫెర్డినాండ్ మాన్లిఖర్. ఆయన వృత్తిచేత రైల్వే ఇంజనీరు. 1876లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు వెళ్ళి, అక్కడ చూచిన తుపాకుల ప్రభావంతో ఆయుధ నిర్మాణం వైపు మళ్ళాడు. రెండవవారు ఆ కర్మాగారంలోనే పనిచేసిన ఆటో షోనావర్. మాన్లిఖర్ కల్పించిన గడియ, షోనావర్ కల్పించిన తూటాల గది కలిసి, ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఒక తుపాకిగా రూపొందినవి. అదే మాన్లిఖర్-షోనావర్. 1903 నాటి నమూనాను గ్రీకు సైన్యం స్వీకరించినది. 1912-13 బాల్కన్ యుద్ధాలలో గ్రీకు సైనికుల చేతిలో ఉన్నది అదే. కాని లోకంలో దానికి కీర్తి తెచ్చినది సైన్యం కాదు, వేటగాళ్ళు.

దీనిని బోల్టు యాక్షన్ రైఫిల్ అంటారు. బోల్టు అంటే గడియ. మన ఇంటి తలుపు గడియ ఎట్లా పనిచేస్తుందో ఇదీ అట్లాగే పనిచేస్తుంది. పిడిని పైకెత్తి వెనుకకు లాగితే పేలిన తూటా తొడుగు బయటపడుతుంది. ముందుకు నెట్టి పిడిని క్రిందికి వంచితే కొత్త తూటా గొట్టంలోకి చేరి, వెనుక ద్వారం బిగుసుకొంటుంది. ఇంతవరకు ఇది నాటి రైఫిళ్ళు పెక్కింటికి సామాన్యమైన ఏర్పాటే. విశేషమంతా తూటాల గదిలో ఉన్నది. ఇతర తుపాకులలో తూటాలు ఒక పెట్టెలో ఒకదానిపై ఒకటి పడివుంటాయి. అడుగున స్ప్రింగు వాటిని పైకి నెడుతుంది. షోనావర్ ఆ పెట్టెకు బదులు, గాడులు చెక్కిన ఉక్కు కదురు నొకదానిని అమర్చాడు. ఐదు తూటాలు ఆ గాడులలో ఒదిగి కూర్చుంటాయి. పైనున్న తూటాను గడియ తీసుకుపోగానే కదురు తిరిగి తరువాతిదానిని అందిస్తుంది. తూటా మరొక తూటాను ఒరసుకోదు. ఎంత కుదుపు వచ్చినా గుండు మొన దెబ్బతినదు. తూటాలు తీసివేయదలిస్తే ఒక చిన్న మీట నొక్కితే చాలు, వరుసగా పైకి వచ్చి చేతిలో పడతాయి. గది మొత్తాన్ని క్రిందనుంచి ఊడదీసి, శుభ్రం చేసి, తిరిగి అమర్చవచ్చును.

ఈ ఏర్పాటు వల్ల కలిగిన నున్నదనాన్ని గురించి చేత పట్టినవారు వేయి నోళ్ళ చెబుతారు. మంచి స్థితిలో ఉన్న తుపాకిలో గడియ నూనెలో తేలినట్టు కదులుతుంది. దానికి తోడు ఆకారం ముచ్చటైనది. పొట్టిరకంలో గొట్టం పొడవు సుమారు 45 సెంటీమీటర్లు. అక్రోటు చెక్క మూతిదాక సాగి గొట్టాన్ని కప్పివుంటుంది. గడియ పిడి గుండ్రని గుబ్బగా కాక, చెంచావలె పలచనై చెక్కకు అంటుకొని ఉంటుంది. మడమలో చిన్న అర; అందులో గొట్టం తుడిచే కడ్డీ ముక్కలు, కొన్ని తూటాలు దాచుకోవచ్చును. చాలావాటికి మీటలు రెండు. వెనుక మీట లాగితే ముందు మీట సున్నితమై, వ్రేలు సోకితే చాలు పేలుతుంది. కొండలెక్కి దిగే ఆల్ప్స్ వేటగానికి భుజాన బరువు తోచకుండ ఉండాలని చేసిన వస్తువిది. అవసరమే అందమైన సందర్భాలలో ఇదొకటి.

ఆ తుపాకికి మొదట నిర్ణయించిన తూటా 6.5 మిల్లీమీటర్లది. గుండు సన్నము, కాని పొడుగు; బరువు సుమారు 10 గ్రాములు. సన్నగా, పొడుగ్గా ఉన్న మేకు గోడలోకి సూటిగా దిగినట్టు ఆ గుండు లోతుగా చొచ్చుకొని పోయేది. స్కాట్లండు దేశీయుడైన వాల్టర్ బెల్ ఆఫ్రికాలో ఏనుగుల వేటకు పెద్ద తుపాకులు మాని, ఇట్టి సన్నని గుండ్లనే ఎన్నుకొన్నాడు. ఏనుగు తలకాయను రంపంతో కోయించి, ఎముకల నడుమ మెదడు ఎక్కడున్నదో చూచి నేర్చుకొన్నాడు. దంతాల కోసం ఆయన చంపిన ఏనుగులు వెయ్యికి పైచిలుకు. 1936లో వెలువడిన హెమింగ్వే కథ ఒకదానిలో, వేటకు వచ్చిన భర్త ప్రాణం భార్య చేతిలోని 6.5 మాన్లిఖర్ గుండుతోనే పోతుంది. ఆ మరణం ప్రమాదమా, హత్యయా అన్న వాదం పాఠకులలో నేటికీ తెగలేదు. అట్లా ఆ తుపాకి సాహిత్యంలోకి కూడ ప్రవేశించినది.

ఇంతటి వస్తువు ఎందుకు ఆగిపోయినది? విచిత్రమేమంటే, దాని గుణమే దానికి శత్రువైనది. కదురులోని గాడిని ఒక కొలత తూటాకు సరిపోయేటట్టు చెక్కుతారు. ఆ తూటాకు అది అమృతం. వేరొక తూటాకు పనికిరాదు. 1905లో 9, 1908లో 8, 1910లో 9.5 మిల్లీమీటర్ల తూటాలకు కొత్త నమూనాలు వచ్చినవి. ప్రతిదానికీ కదురును మళ్ళీ కొలిచి చెక్కవలసి వచ్చినది. మరొక చిక్కు దూరదర్శిని. ఈ తుపాకిలో గడియ పిడి పై కప్పును చీల్చిన సందుగుండా వెనుకకు జరుగుతుంది. అందుచేత దూరదర్శినిని కప్పుమీద నేరుగా బిగించడానికి తావులేదు. పక్కనుంచి కొక్కేలు వేసి బిగించాలి. దూరదర్శిని లేనిదే వేటకు పోని కాలం వచ్చినప్పుడు ఇది పెద్ద లోపమైనది. ఇక ఖర్చు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఇతర దేశాలవారు చవుక పద్ధతులు కనిపెట్టారు. 1948లో అమెరికాలో రెమింగ్టన్ కంపెనీ తెచ్చిన 721 రకం రైఫిల్ శరీరాన్ని గుండ్రని ఉక్కుకడ్డీని తరిణె పట్టి చేశారు. పని తగ్గినది, ధర తగ్గినది, గురి మాత్రం తగ్గలేదు. కొనేవానికి అంతకంటె కావలసిన దేమిటి? యుద్ధానంతరం ష్టయర్‌వారు 1950లో తమ తుపాకిని పునరుద్ధరించి, 1952, 1956, 1961లలో మార్పులు చేసి చూచారు. చివరకు 1972లో దాని నిర్మాణం ఆగిపోయినది. దాని తరువాత వచ్చిన కొత్త రకంలో కదురు ఉన్నది గాని, తూటాల గది ప్లాస్టిక్కుది.

నిర్మాణం ఆగిన నాడే సేకర్త అడుగు పెట్టాడు. అమెరికాలోను, యూరపులోను ఈ తుపాకిని సేకరించేవారికి ఒక శాస్త్రమే ఏర్పడినది. వారు మొదట చూచేది అంకెలు. గడియపై అంకె, శరీరంపై అంకె ఒకటేనా? కాకపోతే రెండు తుపాకులను కలిపి ఒకటి చేశారన్న మాట. గొట్టంపై పరీక్షశాలవారి ముద్రలున్నవా? ఉక్కుపై నీలిరంగు నాటిదేనా, మళ్ళీ పోయించినదా? మడమ అరలో కడ్డీ ముక్కలున్నవా? అన్నిటికంటె ముఖ్యం రంధ్రాలు. పూర్వపు యజమాని దూరదర్శిని బిగించడానికి ఉక్కుకు తొలిచిన చిన్న రంధ్రం చాలు, సేకర్త కళ్ళలో దాని విలువ సగం కూలిపోతుంది.

ఇక్కడ ఆలోచించవలసిన విషయమొకటున్నది. ఆ రంధ్రం చేసినవాడు తప్పు చేశాడా? అతనికి అది పనిముట్టు. చూపు మందగించినది, దూరదర్శిని కావలసి వచ్చినది, తొలిపించుకొన్నాడు. మన రైతు నాగలికి కొత్త కర్రు వేయించినంత సహజం. పనిముట్టును వాడేవాడు దానిని తనకు అనుగుణంగా మారుస్తాడు. సేకర్త తానే దానికి అనుగుణంగా మారుతాడు. ఆ తూటాలు అంగడిలో అరుదైనవి కాబట్టి, పేలిన ఇత్తడి తొడుగులను దాచి, మళ్ళీ మందుగుండు నింపుకొంటాడు. ఊడిన మరచీలకు సరియైన జత కోసం ఏళ్ళు ఎదురుచూస్తాడు. మంచి సేకర్త తుపాకిని బాగుచేయడం కంటె బాగుచేయకుండ ఉండడమే ఎక్కువ నేర్చుకోవాలి. చెక్కమీద గీత పడితే చెరిపివేయాలనిపిస్తుంది. అయితే ఆ గీత కూడ చరిత్రలో భాగమే.

చట్టం కూడ ఈ రెండవ జన్మను గుర్తించినది. అమెరికా చట్టంలో 50 ఏళ్ళు దాటి, తొలి రూపం చెడని ఆయుధాలను ‘అపురూప వస్తువులు, అవశేషాలు’ అనే తరగతిలో చేర్చి, సేకర్తలకు వేరే లైసెన్సు ఇస్తారు. 1972 నాటి కడపటి మాన్లిఖర్-షోనావర్ కూడ 2022 నాటికి ఆ వయస్సుకు వచ్చినది. మన దేశపు దృష్టి వేరు. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకి ఉండరాదు. 2019 సవరణతో సామాన్యంగా ఒక వ్యక్తికి రెండింటికి మించి పనికిరాదు. ఇక వేట సంగతి. ష్టయర్‌లో ఈ తుపాకి నిర్మాణం ఆగిన 1972లోనే మన పార్లమెంటు వన్యప్రాణి సంరక్షణ చట్టం చేసినది. ఈ రెండింటికీ సంబంధం లేదు, తేదీలు మాత్రం కలిసినవి. మాన్లిఖర్ స్మృతి మన దేశంలో మరొక రూపాన మిగిలివున్నది. ఇషాపూర్ రైఫిల్ కర్మాగారంలో చేసిన .315 రైఫిల్‌ను లైసెన్సుదారులు చాలామంది ఎరుగుదురు. దాని తూటా ఆస్ట్రియా సైన్యంవారి పాత 8 మిల్లీమీటర్ల మాన్లిఖర్ తూటాయే. అది షోనావర్ కదురుతో సంబంధం లేని వేరొక మాన్లిఖర్ సైనికరైఫిల్‌కు చెందినది. పేరు తెలియకుండానే ఆ ఇంజనీరు మన ఊళ్ళకు వచ్చాడన్న మాట.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. ప్రాణం తీసే పనిముట్టును దాచుకోవడం తగునా? సేకరణ అంటే స్వాధీనం మాత్రమే అయితే, తగదనే చెప్పాలి. గోడకు వ్రేలాడదీసి, అతిథులకు చూపి గర్వించడానికైతే దానికంటె చిత్రపటం మేలు. కాని సేకరణ అంటే జ్ఞాపకం. జ్ఞాపకం సగం సగంగా ఉండరాదు. షోనావర్ కదురును మెచ్చుకొనేవాడు బెల్ దంతాల కోసం కూల్చిన ఏనుగులను కూడ జ్ఞాపకముంచుకోవాలి. ఇంకొకటి కూడ జ్ఞాపకముంచుకోవాలి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, మౌట్‌హౌసెన్ నిర్బంధ శిబిరానికి అనుబంధంగా ష్టయర్ పట్టణంలోనే మ్యూనిఖ్‌హోల్ట్స్ వద్ద ఒక శిబిరం వెలసినది. అక్కడి ఖైదీలచేత ఆ సంస్థ కర్మాగారాలలో బలవంతపు చాకిరి చేయించారు. ఏ ఊరి పనితనం ఆల్ప్స్ వేటగానికి నగవంటి తుపాకినిచ్చినదో, ఆ ఊరి చిమ్నీల క్రిందనే మనుషులు ఆకలితో చచ్చారు. ఈ మాట ఏ సేకర్త జాబితాలోను అంకెగా ఎక్కదు. ఎక్కకపోయినా అది ఆ పేరుతో ముడిపడే ఉన్నది.

అందుచేత ఈ తుపాకిని కలిగివుండేవానిపై రెండు బాధ్యతలున్నవి. ఒకటి, ఇట్టి పనితనం మళ్ళీ రాదు కనుక దానిని చెడగొట్టకుండ తరువాతివారికి అప్పగించడం. రెండు, అది ఏమేమి చేసినదో, ఏ చేతుల మీదుగా వచ్చినదో దాచకుండ చెప్పడం. మొదటిదానికి నూనెగుడ్డ, ఓర్పు చాలును. రెండవదానికి చదువు కావాలి. మన బడులలో చరిత్ర చెప్పే ఉపాధ్యాయులు ప్రదర్శనశాలకు పిల్లలను తీసుకొని వెళ్ళినప్పుడు, కత్తి ముందో కవచం ముందో ఒక్క క్షణం నిలిచి, ఎవరు చేశారు, ఎవరిమీద ఎత్తారు అనే రెండు ప్రశ్నలనూ కలిపి అడిగితే, ఈ వ్యాసం చెప్పదలచినదానిని వారు అంతకంటె సులభంగా చెప్పినవారవుతారు.