కత్తెర నుండి కంప్యూటరు దాకా: రిచర్డ్ హామిల్టన్ చిత్రకళ

చిత్రకారుని చేతిలో కుంచె ఉండవలెనని లోకము చిరకాలముగా నమ్ముచున్నది. కుంచెకు బదులు కత్తెరను, కత్తెరకు బదులు కంప్యూటరును పట్టినవానిని చిత్రకారుడనవచ్చునా? గత శతాబ్దములో పుట్టిన ఈ ప్రశ్న నేటికీ తీరలేదు. చేతిలోని ఫోనుతో బడిపిల్లవాడైనను నాలుగు ఫొటోలను ఒక్కటిగా అతికించగల ఈ దినములలో అది మరింత పదునెక్కినది. సమాధానము వెదకువారికి ఆంగ్ల చిత్రకారులు రిచర్డ్ హామిల్టన్ జీవితము మంచి పాఠము.

హామిల్టన్ 1922లో లండన్ నగరమున జన్మించినారు. రాయల్ అకాడమీ పాఠశాలలో చిత్రలేఖనము నేర్చినారు. రెండవ ప్రపంచయుద్ధకాలమున యంత్రపరికరముల నమూనాలు గీయు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసినారు. యుద్ధానంతరము తిరిగి అకాడమీలో చేరగా, బోధనవలన ప్రయోజనము పొందుటలేదని 1946లో ఆయనను పంపివేసినారు. తరువాత స్లేడ్ కళాశాలలో చదివి, 1953 నుండి 1966 వరకు న్యూకాసిల్‌లో తామే అధ్యాపకులైనారు. చదువు అంటదని ఒక బడి త్రోసివేసిన విద్యార్థి, మరియొక బడిలో పదమూడేండ్లు చదువు చెప్పుట ఉపాధ్యాయులు జ్ఞాపకముంచుకొనదగిన విషయము.

1956లో లండన్ లోని వైట్‌చాపెల్ గ్యాలరీలో 'ఇదే రేపు' అను అర్థము గల పేరుతో ఒక ప్రదర్శన జరిగినది. దాని కొరకు హామిల్టన్ ఒక అతుకుల చిత్రము, అనగా కొలాజ్, సిద్ధము చేసినారు. నేటి ఇండ్లకు ఇంతటి విలక్షణత, ఇంతటి ఆకర్షణ దేనివలన వచ్చినవని ప్రశ్నించుటయే దాని పేరు. చిత్రము అడుగు పొడవైనను లేదు. అందులో ఒక గది. కండలు తిరిగిన మగవాడు 'పాప్' అను అక్షరములున్న పెద్ద లాలీపాప్ పట్టుకొని నిలిచియుండును. సోఫాపై ఒక స్త్రీ, బల్లపై డబ్బా మాంసము, ఒక ప్రక్క టెలివిజన్, టేప్‌రికార్డర్. గోడకు పటమువలె కామిక్ పుస్తకపు అట్ట. కిటికీకి ఆవల సినిమాహాలు. ఇందు పెక్కు బొమ్మలు అమెరికా పత్రికలనుండి కత్తిరించినవి. బ్రిటన్‌లో ఆహారపు రేషన్ తొలగి అప్పటికి రెండేండ్లే అయినది. ఆ జనులకు ఆ డబ్బా మాంసము వట్టి బొమ్మ కాదు, ఒక ఆశ. ఆ ఆశను చూచి హామిల్టన్ నవ్వుచున్నారో, దానికి తామును లోబడినారో చిత్రము తేల్చి చెప్పదు. దాని బలమంతయు అందులోనే ఉన్నది.

ఇచట గమనింపవలసినది మరియొకటి కలదు. కత్తెర కదలుటకు ముందే హామిల్టన్ ఒక పట్టిక వ్రాసికొన్నారు. పురుషుడు, స్త్రీ, ఆహారము, చరిత్ర, వార్తాపత్రిక, సినిమా, కారు, అంతరిక్షము, ఇట్లు సాగినది ఆ పట్టిక. దానికి తగిన బొమ్మలను ఆయన భార్య టెరీ, మిత్రురాలు మాగ్డా కోర్డెల్ పత్రికలలో వెదకి తీసినారు. ఆలోచన ముందు నడచినది. కత్తెర వెనుక నడచినది.

మూడు దశాబ్దములు గడచినవి. 1987లో బీబీసీ సంస్థ కొందరు చిత్రకారులను పిలిచి క్వాంటెల్ పెయింట్‌బాక్స్ అను యంత్రముపై చిత్రించుమన్నది. హామిల్టన్ వారిలో ఒకరు. ఈ యంత్రమునకు కాగితము లేదు, జిగురు లేదు. పలకపై కలము కదలిన తీరుగా తెరపై రంగు పడును. బొమ్మ యావత్తు చిన్న చిన్న చుక్కలై, ప్రతి చుక్క ఒక అంకెగా యంత్రములో నిలిచియుండును. అంకె మార్చిన రంగు మారును. అందుచేత అతుకు ఎచట పడినదో కంటికి కానరాకుండ చేయవచ్చును. 1992లో బీబీసీ కొరకే హామిల్టన్ ఆ పాత గదిని కంప్యూటరుతో మరల నిర్మించినారు. ఈసారి కండలు పెంచినది స్త్రీ. పురుషుడు కంప్యూటరు ముందు కూర్చుండెను. గది అదే, ప్రశ్న అదే, మారినది కాలము.

అయినను కొత్త పనిముట్టుతో కొత్త అపాయము వచ్చినది. కత్తెరతో కోసిన కాగితము మరల అతుకదు. కోయుటకు ముందే నిశ్చయించుకొనవలెను. కంప్యూటరులో ఏ నిశ్చయమునైనను రద్దుచేయవచ్చును. ఇక చిత్రము ముగియుట ఎప్పుడు? హామిల్టన్ చివరి రచనకు ఆధారమైన బాల్జాక్ కథలోనూ ఈ ప్రశ్నయే ఉన్నది. 1831లో వెలువడిన ఆ కథలో ఒక వృద్ధ చిత్రకారుడు ఒకే చిత్రమును పదేండ్లు దిద్దిదిద్ది పాడుచేయును. చివరకు రంగుల గందరగోళములో ఒక్క పాదము మాత్రమే మిగులును. శయనించిన స్త్రీ వెనుక టిషియన్, పుస్సేన్, కూర్బే అను ముగ్గురు మహాచిత్రకారులను నిలిపి, హామిల్టన్ కంప్యూటరుతో ఆ చిత్రమును కూర్చసాగినారు. అది పూర్తికాకమునుపే 2011 సెప్టెంబరు 13న, ఎనుబది తొమ్మిదవ ఏట, కన్నుమూసినారు. అసంపూర్ణమైన ఆ చిత్రపు మూడు రూపములను మరుసటి యేడు లండన్ నేషనల్ గ్యాలరీ ప్రజలకు చూపినది.

పనిముట్టు సౌలభ్యమునిచ్చును గాని వివేకము నీయదు. ఏది ఎన్నుకొనవలెను, ఎచట ఆగవలెను అన్నవి మనిషి తేల్చుకొనవలసినవే. అవి తేల్చుకొన్నవాడు కత్తెర పట్టినను, కంప్యూటరు పట్టినను చిత్రకారుడే. బడిలో పిల్లలచేత బొమ్మలు అతికింపజేయు ఉపాధ్యాయులు, ముందుగా ఒక తెల్లకాగితమిచ్చి పట్టిక వ్రాయుమన్న చాలును; చిత్రము అప్పుడే మొదలైనట్లు.