ఫిరంగి దళం నుంచి సర్కస్ రింగుకు

ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో రాత్రంతా సాగే నాచా ప్రదర్శనలో జనాన్ని నవ్వించే పాత్రకు జోక్కడ్ అని పేరు. ఇంగ్లీషు జోకరే పల్లె నోళ్లలో నలిగి ఆ రూపానికి వచ్చింది. ఆంధ్ర ప్రాంతం నుంచి ఆ రాష్ట్రంలోని భిలాయి ఉక్కు కర్మాగారానికి పనికి వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అదే పాత్ర తోలుబొమ్మలాటలోని కేతిగాడుగా, జుట్టుపోలిగాడుగా పూర్వం నుంచీ పరిచయం. 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందం మేరకు ఆ కర్మాగారాన్ని నిలబెట్టడానికి వచ్చిన సోవియట్ నిపుణుల దేశంలోనూ ఇలాంటి నవ్వించే మనిషి ఒకరు ఉండేవారు. ఆయన పేరు యూరి నికూలిన్. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా భిలాయి తొలి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమయ్యేనాటికి నికూలిన్ సర్కస్‌లో పదేళ్ల అనుభవం గడించి, సినిమాల్లో అప్పుడప్పుడే అడుగుపెడుతున్నారు. అంతకుముందు ఆయన దాదాపు ఆరున్నరేళ్లపాటు సైనికుడు.

నికూలిన్ 1921 డిసెంబర్ 18న స్మొలెన్‌స్క్ ప్రాంతంలోని దెమీదొవ్ అనే చిన్న పట్టణంలో జన్మించారు. తండ్రి వ్లదీమిర్ నికూలిన్ ఎర్రసైన్యం నుంచి బయటికి వచ్చాక నాటకాల్లో పనిచేసి, తర్వాత కుటుంబంతో మాస్కో చేరి, రంగస్థలానికీ సర్కస్‌కూ హాస్యపు ముక్కలు రాసిన మనిషి. హాస్యమన్నది రాసుకుని, సరిచూసుకుని, సాధన చేయవలసిన పని అన్న ఎరుక కొడుక్కి ఆ ఇంట్లోనే అబ్బిందని చెప్పవచ్చు.

1939 నవంబరులో, పద్దెనిమిదేళ్లు ఇంకా నిండకుండానే, ఆయన సైన్యంలోకి వెళ్లి లెనిన్‌గ్రాద్ సమీపాన విమాన విధ్వంసక దళంలో, అంటే శత్రు విమానాలను నేల మీది ఫిరంగులతో కూల్చే దళంలో చేరారు. కొద్ది రోజులకే ఫిన్లాండ్‌తో యుద్ధం మొదలైంది. ఆ మంచులో తంతి లైను వేసే పనిలో ఆయన కాళ్లు గడ్డకట్టి దెబ్బతిన్నాయి. నిర్బంధ సేవ గడువు తీరి ఇంటికి వెళ్లవలసిన 1941లోనే, జూన్ 22న, జర్మనీ దండెత్తడంతో ఆ ప్రయాణం మరో అయిదేళ్లు వెనక్కి పోయింది.

ఆ తర్వాత వచ్చింది లెనిన్‌గ్రాద్ దిగ్బంధం. 1941 సెప్టెంబర్ 8 నుంచి 1944 జనవరి 27 వరకు, మొత్తం 872 రోజులు, శత్రుసేనలు నగరాన్ని చుట్టుముట్టి ఉండగా, తొలి శీతకాలంలో ఒక దశలో సాధారణ పౌరుడికి దక్కిన రేషను రోజుకు 125 గ్రాముల రొట్టె మాత్రమే. సైనికులకు అంతకంటే ఎక్కువ ముట్టినా ఆకలి వారినీ వదలలేదు. పోషకాహారం లేక రేచీకటి సోకిన సైనికులు చీకటిపడితే ఒకరినొకరు పట్టుకుని నడవవలసి వచ్చేది. న్యుమోనియాతో ఆస్పత్రి పాలై, ఆపైన పేలుడు ధాటికి గాయపడి, కోలుకుని మళ్లీ ఫిరంగుల దగ్గరకే చేరిన నికూలిన్, సీనియర్ సార్జెంటుగా బాల్టిక్ తీరంలోని కుర్లాండ్‌లో యుద్ధం ముగింపును చూశారు. ధైర్యానికీ, లెనిన్‌గ్రాద్ రక్షణకూ, విజయానికీ ఇచ్చిన పతకాలు ఆయనకు దక్కాయి. శాంతి వచ్చాక కూడా సైన్యం ఆయనను వెంటనే విడిచిపెట్టలేదు. ఆ నిరీక్షణ కాలంలో తోటి సైనికుల వినోద ప్రదర్శనలు నడిపే బాధ్యత మీదపడగా, విదూషకుడిగా తొలి వేషం అక్కడే కట్టారు.

1946లో ఇంటికి చేరిన ఆయన నటుడు కావాలని సినిమా విద్యాసంస్థ తలుపునూ నాటక విద్యాలయాల తలుపులనూ తట్టి, వాటిలో చోటు దొరక్క, చివరికి మాస్కోలోని త్స్వెత్‌నోయ్ బులివార్ సర్కస్ నడిపే విదూషకుల శిక్షణశాలలో చేరారు. ఇక్కడ ఒక సంగతి గుర్తుచేసుకోవాలి. ఆధునిక సర్కస్‌ను 1768లో లండన్‌లో రూపొందించిన ఫిలిప్ ఆస్ట్లే కూడా యుద్ధం చూసి వచ్చిన అశ్వికదళ సైనికుడే. గుర్రం గుండ్రంగా పరుగెత్తుతుండగా దాని వీపుమీద మనిషి నిలబడగలిగేలా ఆయన కుదుర్చుకున్న కొలతే నేటికీ సర్కస్ రింగుకు ప్రమాణమైన పదమూడు మీటర్ల వ్యాసం.

నికూలిన్ నేర్చుకున్న విద్యను రష్యన్లు తివాచీ విదూషకత్వం అంటారు. ఒక అంశం ముగిసి మరొక అంశానికి సామగ్రి అమర్చేలోపు, రింగులో పరిచిన తివాచీ మీదికి వచ్చి ఖాళీని నింపి, ప్రేక్షకుల దృష్టిని పట్టి ఉంచే పని అది. సమయం తక్కువ, మాటలు తక్కువ, పొరపాటుకు చోటు లేదు. పేరు పొందిన విదూషకుడు కరందాష్ దగ్గర సహాయకులుగా ఉన్నప్పుడు నికూలిన్, మిహయీల్ షుయ్‌దిన్ కలిసి, ప్రేక్షకుల మధ్య కూర్చున్న మామూలు మనుషుల్లా లేచివచ్చి గుర్రపుస్వారీ నేర్చుకోబోయి పడిపోయే ఘట్టాన్ని రక్తికట్టించారు.

ఈ షుయ్‌దిన్ కథ చెప్పకుండా నికూలిన్ కథ పూర్తి కాదు. ఆయన యుద్ధంలో ట్యాంకుల దళాధికారి. తగలబడిన ట్యాంకులో ముఖమూ చేతులూ కాలిపోయాయి. 1950లో కరందాష్‌ను విడిచి సొంత జంటగా నిలిచిన ఈ ఇద్దరూ మూడు దశాబ్దాలపాటు కలిసే ఆడారు. పొడుగ్గా, పొట్టి ప్యాంటూ పెద్ద బూట్లూ వేసుకుని, ఎంత గందరగోళంలోనైనా ముఖంలో నవ్వు కనిపించనీయని నికూలిన్ పక్కన, పొట్టిగా, చురుగ్గా, తెలివి చూపే షుయ్‌దిన్. కాలిన చర్మం మీద రంగు పూసుకుని రోజూ రింగులోకి దిగిన మనిషికీ, ఆకలి రుచి ఎరిగిన మనిషికీ నవ్వు తేలిక వస్తువు కాదు కాబట్టే, వారి హాస్యంలో ఎవరినీ కించపరిచే జాడ లేదు. నికూలిన్ ముఖంలోని ఆ స్థిరమైన విచారం వేషంలో భాగమే అయినా, దాని వెనుక లెనిన్‌గ్రాద్ చలికాలాలు ఉన్నాయన్న భావన చూసేవారికి కలగక మానదు.

సోవియట్ నగరాలన్నీ తిరిగిన ఈ జంట జపాన్, అమెరికా, ఆస్ట్రేలియాల దాకా వెళ్లింది. భాష తెలియని జనాన్ని నవ్వించగలగడం మూకాభినయానికి ఉన్న బలం. మరోవైపు 1969 నాటి 'వజ్రాల చేయి' వంటి హాస్యచిత్రాలు నికూలిన్‌ను ఇంటింటికీ పరిచయం చేశాయి. అయితే 1975, 1976 సంవత్సరాల్లో వచ్చిన 'వారు మాతృభూమి కోసం పోరాడారు', 'యుద్ధం లేని ఇరవై రోజులు' చిత్రాల్లో ఆయన కనబరిచిన నిశ్శబ్ద నటన వాటికంటే విలువైనది. వాటిలో వేసుకున్న సైనిక యూనిఫాం ఆయన ఒంటికి కొత్త కాదు.

భారతీయ ప్రేక్షకులు సోవియట్ సర్కస్ కళాకారులను 1970లో వచ్చిన రాజ్ కపూర్ చిత్రం 'మేరా నామ్ జోకర్'లో చూశారు. రెండేళ్లకు భిలాయిలో రెండు దేశాల స్నేహానికి గుర్తుగా మైత్రీ బాగ్ ఉద్యానం వెలసింది.

షుయ్‌దిన్ 1983లో కన్నుమూశారు. అరవై ఏళ్లకు రింగు విడిచిన నికూలిన్ ఆ తర్వాత త్స్వెత్‌నోయ్ బులివార్ సర్కస్‌కే డైరెక్టరై, శిథిలమైన పాత భవనం స్థానంలో 1989లో కొత్తది తెరిపించి, 1997 ఆగస్టు 21న మరణించేవరకు ఆ బాధ్యతలోనే ఉన్నారు. ఇప్పుడు ఆ సర్కస్‌కు ఆయన పేరే ఉంది; గుమ్మం ముందు కారులోంచి దిగుతున్నట్టున్న ఆయన కంచు విగ్రహం, పక్కన పిల్లలు ఎక్కి కూర్చునేందుకు వీలుగా ఖాళీ సీటు ఉన్నాయి.